కర్పూరగిరి అతిథులు

కల్హారదేశాన్ని ఏలే ఉత్తుంగ మహారాజు ఆ ఉదయం నిండు కొలువులోకి వచ్చి, మీసం మెలేసి, పట్టు ఉత్తరీయం సవరించుకుని, తాతముత్తాతల నాటి సింహాసనం మీద దర్జాగా కూర్చున్నాడు. కూర్చున్నాడని మాటవరసకు అంటున్నాను గానీ, ఆయన ఇంకా వీపు ఆనించనైనా లేదు, సింహాసనం ఒళ్ళు విదిల్చి ఆయన్ని ఎత్తి అవతల పారేసింది. మహారాజు గాలిలో పల్టీ కొట్టి, కిటికీలోంచి దూసుకుపోయి, కలువల కొలనులో దబ్బున పడ్డాడు. సభలో ఎవరూ నవ్వలేదు. నవ్వితే ఏమవుతుందో తెలుసు కాబట్టి అందరూ బుగ్గలు కొరుక్కుంటూ నిలబడ్డారు.

మీకు తెలియదేమో, ఆ సింహాసనానికి ఒక తిక్క ఉంది. దాన్ని చెక్కిన వడ్రంగులు ఎవరి బలవంతమూ లేకుండా, పాటలు పాడుకుంటూ, మనసుపడి చెక్కారట. అందుకని వెట్టిచాకిరీతో తయారైన వస్తువు ఆవగింజంత ఒంటిమీద ఉన్నా సరే, అది కూర్చోనివ్వదు. రాజని చూడదు, వయసని చూడదు, విసిరి పారేస్తుంది. కల్హారదేశంలో వెట్టి అన్న మాటే లేదని మహారాజు ఊరూరా డప్పు కొట్టించుకున్నది కూడా ఆ సింహాసనం తనను ఏనాడూ తన్నలేదన్న ధైర్యంతోనే. ఇప్పుడు ఆ ధైర్యం కొలనులో కలువకాడలు పట్టుకుని పైకి వస్తోంది.

"నా ఒంటిమీద ఏదో ఉంది! ఏమిటో కనిపెట్టండి!" అని మహారాజు తడిసిన మీసాలతో గర్జించాడు.

కిరీటం తీసేసి కూర్చున్నాడు. దబ్బున పడ్డాడు. కంఠహారం తీసేశాడు, మళ్ళీ దబ్బున పడ్డాడు. ఉత్తరీయం, నడికట్టు, పాదరక్షలు, కడియాలు అన్నీ ఒక్కొక్కటే పోయాయి. మహారాజు మాత్రం అదే కిటికీలోంచి, అదే కొలనులోకి, అదే కేకతో పోతూనే ఉన్నాడు. కొలనులో కప్పలు విసుగెత్తి గట్టెక్కి కూర్చున్నాయి. యువరాజు పుష్కరుడు తండ్రిమీద జాలిపడి కిటికీ కింద పరుపులు వేయించబోతే, "పరుపులొద్దు, అవి ఎవడు కుట్టాడో మళ్ళీ అదొక తంటా!" అని మహారాజు మండిపడ్డాడు. చివరికి గోచీ ఒక్కటే మిగిలింది. ప్రధాని మర్యాదకు పైకప్పు వంక చూస్తూ నిలబడ్డాడు. గోచీతోనూ దబ్బుమన్నాడు మహారాజు.

"ఇక తీయడానికి ఏముందిరా నా దగ్గర?" అని ఆయన లబోదిబోమన్నాడు.

"తమరి నోట్లో ఉంది మహారాజా," అంది సింహాసనం పక్కనుంచి కురంగి.

కురంగి అంటే మహారాజు తాంబూలం పెట్టె మోసే పిల్ల. పిల్ల అంటే చిన్నపిల్ల కాదు, పెళ్ళీడు దాటుతోంది. కొలువులో మహారాజు పక్కనే నిలబడి, ఆకు వేళ్ళతో సవరించి, సున్నం రాసి, వక్క, ఏలక్కాయ, పచ్చకర్పూరం వేసి చుట్టి అందించడం ఆమె పని. కొలువులో అందరి నోళ్ళూ మూతపడి ఉన్నా ఆమె నోరు మాత్రం పడదు. ఆ సంగతి కోటలో తెలియనివాళ్ళు లేరు.

మహారాజు నోట్లోని తాంబూలం ఉమ్మేసి, వణుకుతూ వచ్చి కూర్చున్నాడు. సింహాసనం పిల్లిలా గురగురలాడి ఊరుకుంది. సభంతా హమ్మయ్య అనుకుంది. కురంగి అంతటితో ఆగకుండా మహారాజును లేవమని, పెట్టెలోని సరుకులు ఒక్కొక్కటే సింహాసనం మీద పెట్టి చూసింది. ఆకు పెడితే ఏమీ అనలేదు. వక్క, సున్నం, ఏలక్కాయ, దేనికీ ఉలుకూ పలుకూ లేదు. పచ్చకర్పూరం పలుకు ఒకటి పెట్టిందో లేదో, సింహాసనం దాన్ని ఠపీమని కొట్టింది. అది వెళ్ళి ప్రధాని బట్టతల మీద తగిలింది.

"ఓస్, ఇంతేనా! కర్పూరం మానేస్తే పోయె!" అన్నాడు మహారాజు పంచె కట్టుకుంటూ.

తాంబూలం పెట్టె కురంగి చేతిలోంచి జారి నేలమీద పడింది. ఎప్పుడూ గలగలలాడే మనిషి బిక్కచచ్చిపోయి నిలబడితే అందరూ అటే చూశారు.

"ఇవాళే కొత్తగా విప్పిన ఈ కర్పూరం కర్పూరగిరిది మహారాజా," అంది. "మా అన్న సారంగుడు మేకల్ని పక్కింటి పిన్నికి అప్పజెప్పి అక్కడికే పనికి పోయాడు. వర్తకులు వచ్చి మంచి తిండి, మంచి గాలి అని తీసుకుపోయారు. పండక్కి పండక్కీ ఓ చిలక వచ్చి 'అన్న క్షేమం, హాయిగా ఉన్నాడు' అని చెప్పి జాంపండు తిని పోతోంది. హాయిగా ఉంటే సింహాసనం ఎందుకు తన్నింది? నాకు ఆ ఒక్కడే ఉన్నాడు మహారాజా. ఇవాళ వాడి కష్టమే చుట్టి తమరి చేతిలో పెట్టానా నేను?" అని అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

మహారాజుకు నిజంగానే మొహం చెల్లలేదు. వర్తకసంఘం పెద్ద కుబేరదత్తుణ్ణి ఉన్నపళంగా పిలిపించాడు.

కుబేరదత్తుడు బొజ్జ నిమురుకుంటూ వచ్చి, "మహాప్రభో, నేను రేవు వర్తకుడి దగ్గర కొన్నాను. అంతకుమించి నాకేం తెలుసు?" అన్నాడు. రేవు వర్తకుణ్ణి లాక్కొస్తే, "పడవవాడు తెస్తాడు, నేను పుచ్చుకుంటాను," అన్నాడు. పడవవాణ్ణి తెస్తే, "కుటిలానది అవతలి ఒడ్డున బుట్టలు పెట్టి ఉంటాయి దొరా. నేను ఎత్తుకొస్తా. అవి ఎవరు పెట్టారో నేనెందుకడగాలి? బుట్టలు మాట్లాడవు కదా!" అన్నాడు.

"మరి ఏటేటా తనిఖీకి వెళ్ళొస్తున్నానని చెప్పావు?" అని పుష్కరుడు కుబేరదత్తుణ్ణి నిలదీశాడు.

"స్వయంగా వెళ్ళాను యువరాజా! ఉయ్యాలబల్ల మీద కూర్చోబెట్టారు. పనసతొనలు పెట్టారు. ఆహా, ఏం తొనలు! తేనె కారుతోందనుకోండి..."

"పనివాళ్ళు ఎలా ఉన్నారయ్యా?"

"పనివాళ్ళా? అబ్బే, వాళ్ళు ఆ వేళ ఎక్కడో పనిలో ఉన్నారు."

కర్పూరగిరిని ఏలేది ఘర్ఘరుడనే మాంత్రికుడు. సైన్యాన్ని పంపితే దారి తప్పించి చెట్ల చుట్టూ తిప్పుతాడని ప్రధాని హెచ్చరించాడు. ఆ మాట పూర్తికాకముందే యువరాజు పుష్కరుడు ఛాతీ విరుచుకుని లేచి, మారువేషంలో నేను వెళ్తానన్నాడు. పుష్కరుడు మంచివాడే, ధైర్యవంతుడే. మారువేషం వెయ్యడం మాత్రం చేతకాదు. గొర్రెల కాపరి వేషం వేసి రత్నపుటుంగరాలు వేసుకుంటాడు, సన్న్యాసి వేషం వేసి అత్తరు పూసుకుంటాడు. ఈసారి కూలివాడి వేషం వేసి వచ్చి, ఎలా ఉంది అని కురంగిని అడిగాడు.

"చొక్కాకు చిరుగులు బంగారు దారంతో కుట్టించారే దొరా?" అంది కురంగి కళ్ళు తుడుచుకుంటూ. "పదండి, ఇక మీతో నేనూ రావాల్సిందే. మిమ్మల్ని ఒక్కర్నీ పంపితే మా అన్నతోపాటు మిమ్మల్ని కూడా వెతుక్కోవాలి."

పడవవాడు ఖాళీ బుట్టల్ని తిరిగి తీసుకెళ్ళే వేళకు ఇద్దరూ చెరో బుట్టలో దూరారు, కురంగి తాంబూలం పెట్టెతో సహా. పడవ కదిలింది. కుటిలానది మామూలు నది కాదు. నడిమధ్యలో సుడిగుండం, సుడిగుండంలో ఘర్ఘరుడి కాపలా సర్పం. అది తాటిమానంత తల పైకెత్తి, పడవలోని బుట్టల్ని ఒక్కొక్కటే ముక్కుతో మూచూసింది. అటూ ఇటూ కాని వాసన తగిలిందేమో, పుష్కరుడి బుట్ట దగ్గర ఆగింది. బుట్ట అడుగున మిగిలిన కర్పూరం పొడి సరిగ్గా అప్పుడే యువరాజు ముక్కులోకి పోయింది. వంశానికి తగ్గ తుమ్ము ఒకటి తుమ్మాడు. మూత ఎగిరిపోయింది. సర్పం బారెడు నాలుక చాచి అతని నడుం చుట్టి గాలిలోకి లేపింది.

"ఖడ్గం! నా ఖడ్గం!" అని అరిచాడు పుష్కరుడు. ఖడ్గం బుట్టలోనే ఉండిపోయింది.

కురంగి బుట్టలోంచి లేచి, నడుముకున్న సున్నపుకాయ ఊడదీసి, అందులోని సున్నమంతా గుప్పిట పట్టి సర్పం నాలుక మీద పులిమింది. సున్నం ఎక్కువైన తాంబూలం తిన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు ఆ సుఖం. సర్పం కళ్ళలో నీళ్ళు తిరిగి, యువరాజును వదిలేసి, నోరు కడుక్కోవడానికి సుడిగుండంలోకి దూకింది. అది రేపిన అలకు పడవ ఎగిరి అవతలి ఒడ్డున ఇసుకలో పడింది. పడవవాడు బుట్టల్ని అక్కడే వదిలేసి, పడవను నీళ్ళలోకి నెట్టి, వెనక్కి చూడకుండా తెడ్డు వేసుకుంటూ పోయాడు.

ఎదురుగా కర్పూరగిరి! ఆ అందం ఏమని చెప్పను? మంచు కడిగినట్టున్న తెల్లని మానులు, మాను మానుకూ వెన్నెల గడ్డకట్టినట్టు కర్పూరపు పలుకులు, వెండిరేకుల్లాంటి ఆకులు, ఆకుల మధ్య నీలిరెక్కల పక్షులు. చల్లటి గాలి కొండమీద నుంచి దిగి వచ్చి ఒంటికి చందనం పూసినట్టు తగులుతోంది. ఆ గాలి కళ్ళకు తగిలితే మాత్రం ఘాటుకు ధారలుగా నీళ్ళు కారతాయి. అందుకే ఆ కొండమీద ఎవరైనా ఏడుస్తున్నారో లేదో బయటినుంచి వచ్చినవాళ్ళకు తెలియదు. అందరి కళ్ళూ ఎప్పుడూ కారుతూనే ఉంటాయి మరి.

నాలుగడుగులు వేశారో లేదో వెనకనుంచి చప్పుడైంది. తిరిగి చూస్తే పొట్టి భూతం ఒకటి, వాళ్ళు నడిచి వచ్చిన దారుల్ని ఒక్కొక్కటే చాపలా చుట్టేస్తోంది! దారి, దారిమీది అడుగులు, పక్కనున్న గడ్డి, అన్నీ చుట్టలోకి పోతున్నాయి. ఆ వెనక నది లేదు, ఒడ్డు లేదు, ఎటు చూసినా కర్పూరపు చెట్లే ఉన్నాయి. భూతం రెండు చుట్టల్నీ చంకలో పెట్టుకుని వినయంగా వంగింది.

"తమరి దారులండీ. ఎక్కడైనా పారేసుకుంటారని అయ్యగారు జాగ్రత్తగా దాచమన్నారు," అంది.

"మా దారులు మాకియ్యవోయ్!" అన్నాడు పుష్కరుడు.

"వెళ్ళేటప్పుడు అడిగితే ఇస్తామండీ," అంది భూతం. ఎప్పుడైనా ఎవరికైనా ఇచ్చావా అని కురంగి అడిగితే, "తనిఖీకొచ్చే వర్తకులు తప్ప ఇంతవరకూ ఎవరూ వెళ్ళలేదండీ," అని పళ్ళికిలించి గుహలోకి పోయింది.

అంతలో కొండమీది ఉయ్యాలబల్ల దిగి ఘర్ఘరుడే స్వయంగా ఎదురొచ్చాడు. మోకాళ్ళదాకా గడ్డం, గడ్డం నిండా కర్పూరపు పొడి, నోట్లో ఎప్పుడూ తాంబూలం. తన తాంబూలం తానే చుట్టుకుంటాడు. ఎవర్నీ నమ్మడు. సున్నం వెయ్యడంలో చెయ్యి తిరగక నోరంతా పొక్కి, గొంతు గరగరలాడుతుంటుంది.

"రండి నాయనా, రండి తల్లీ! మన కొండమీద పనివాళ్ళంటూ ఎవరూ లేరు, అందరూ నా అతిథులే. మేమంతా ఒకే కుటుంబం. వచ్చిన అతిథిని పంపించెయ్యడం మా ఇంటా వంటా లేదు!" అంటూ వెండిపళ్ళెంలో తాంబూలం ముందుకు చాచాడు.

ఇక్కడే మనవాడు పప్పులో కాలేశాడు. కల్హారదేశంలో ఇచ్చిన తాంబూలం కాదనడమంత అమర్యాద మరొకటి లేదు. తాంబూలం పుచ్చుకున్నారంటే మాట ఇచ్చినట్టే. మాట ఇచ్చాక కాలూచెయ్యీ ఆ మాట ప్రకారమే కదులుతాయి, ఆ గడ్డమీద పుట్టినవాళ్ళకు అదొక కట్టు. ఆ కట్టు తెలిసే ఘర్ఘరుడు పళ్ళెం చాస్తాడు. ఏ మాటకు తాంబూలం ఇస్తున్నాడో మాత్రం నోటితో చెప్పడు. కురంగి కళ్ళతో సైగ చేస్తూనే ఉంది. పుష్కరుడు ఉగ్గుపాలతో నేర్చిన మర్యాదకొద్దీ రెండు చేతులూ చాచి పుచ్చుకుని కళ్ళకద్దుకున్నాడు.

"అతిథివి కదా నాయనా, కాస్త సాయం చేద్దువుగాని," అన్నాడు ఘర్ఘరుడు. అంతే! పుష్కరుడి చేతిలోకి గోకుడుకత్తి వచ్చింది. కాళ్ళు వాటంతటవే చెట్టు దగ్గరికి నడిచాయి. చేతులు పలుకుల్ని గీకడం మొదలుపెట్టాయి.

"నేను యువరాజును!" అని అరిచాడు పుష్కరుడు గీకుతూనే.

"ఇక్కడ అందరూ సమానమే నాయనా," అని ఘర్ఘరుడు ముద్దుగా కసిరి, పళ్ళెం కురంగి వైపు తిప్పాడు.

"నోము పట్టాను స్వామీ, అది తీరేదాకా ఇంకొకరి చేతి తాంబూలం ముట్టకూడదు," అంది కురంగి తడుముకోకుండా. నోము అనగానే మాంత్రికుడైనా ఏమనగలడు? ఆమెను కొండ దిగువ సెలయేటి దగ్గర గిన్నెలు తోముకోమని చెప్పి, తీరాక తాంబూలం తీసుకుందువులే అని పోయి ఉయ్యాల ఎక్కాడు.

కురంగి చెట్టు చెట్టూ వెతుక్కుంటూ పరిగెత్తింది. ఎక్కడ చూసినా మనుషులు. చేతులు పగిలి, పెదవులు చల్లదనానికి చిట్లి, మాట్లాడకుండా గీకుతున్నారు. ఓ మాను వెనక ఎముకల గూడులాంటి మనిషిని చూసి దాటిపోబోయి ఆగింది. ఆ మనిషి చెవి వెనక చిన్నప్పుడు మేకపోతు పొడిచిన మచ్చ ఉంది.

"అన్నా!"

సారంగుడు చూశాడు. చూసి, మొహం తిప్పేసుకున్నాడు. చేతులు మాత్రం గీకుతూనే ఉన్నాయి.

"నువ్వెందుకొచ్చావే ఇక్కడికి? ఎవరు తీసుకొచ్చారు? తాంబూలం పుచ్చుకున్నావా? చెప్పు, పుచ్చుకున్నావా?" అని గబగబా అడిగాడు.

"లేదు లేదు! అన్నా, చిలకతో క్షేమమని చెప్పి పంపావు కదరా..."

"ఏ చిలకే?"

కురంగికి ఆ చిలకను పట్టుకుని ఈకలు పీకాలన్నంత కోపం వచ్చింది. ఆ వెంటనే అన్న పగిలిన చేతులు పట్టుకుని భోరుమంది. సారంగుడు కూడా ఏడ్చాడు. ఆ కొండమీద మొదటిసారి ఇద్దరు మనుషుల కన్నీళ్ళు ఘాటువల్ల కాకుండా వచ్చాయి.

"పారిపోదాం రా," అంది.

"పారిపోయి చూడలేదనుకున్నావా? ఎటు నడిచినా మళ్ళీ ఈ చెట్టు దగ్గరికే వస్తాను. నా దారి ఆ గుహలో ఉంది. ఒక్కోసారి చుట్టలోంచి మన మేకలు అరుస్తున్నట్టు వినపడుతుంది," అన్నాడు సారంగుడు. "మాట కట్టు ఉన్నంతకాలం ఆ చుట్టలు ఎవరు లాగినా విచ్చుకోవు. పుచ్చుకున్నవాళ్ళ చేతి తాంబూలం వాడు తిరిగి పుచ్చుకుంటేనే మాట చెల్లిపోయేది. వాడు ఎవరి చేతిదీ తినడు. ఎవరు అడిగినా చెయ్యి చాపడు."

సరిగ్గా అప్పుడే కొమ్ము ఊదారు. అతిథులంతా గోకుళ్ళు ఆపి, ఏటి ఒడ్డునుంచి కొండకొమ్ముదాకా వరసగా నిలబడ్డారు. ఘర్ఘరుడి కొండమీద సరుకు నడిచేది ఇలాగే. అడుగున నింపిన బుట్ట ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మారుతూ పైనున్న కొట్టుదాకా పోతుంది. ఖాళీ బుట్ట అలాగే కిందికి వస్తుంది. కురంగి ఆ వరసను కిందనుంచి పైదాకా చూసింది. ఏడుపు ఎటుపోయిందో పోయింది.

"అన్నా, వరసలో నిలబడు," అని చెప్పి ఏటి దగ్గరికి పరుగెత్తింది.

అక్కడ రాతిమీద పెట్టె తెరిచి, నిమ్మళంగా తాంబూలం చుట్టడం మొదలుపెట్టింది. లేత తమలపాకు నీళ్ళలో ముంచి, తొడిమ తుంచి, మునివేళ్ళతో ఈనె తీసింది. సున్నపుకాయ అడుగున మిగిలిన సున్నం ఒక్క రవ్వ గీకి పూసింది. వక్క నేతిలో వేయించినది, ఏలక్కాయ, జాపత్రి, గులాబీరేకుల ముద్ద. దోరగా వేయించిన కొబ్బరికోరు చల్లి చుట్టి, లవంగం గుచ్చింది. దాన్ని ఎవరికీ ఇవ్వకుండా తన నోట్లోనే పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "అబ్బ!" అంది. ఆ అబ్బ కొండకొమ్ముదాకా వినపడింది. వాసన అంతకుముందే చేరింది.

ఉయ్యాల ఆగింది. ఘర్ఘరుడు పొక్కిన నాలుకతో పెదవులు తడుముకున్నాడు.

"ఏయ్ పిల్లా! ఏమిటది?"

"నా నోము తాంబూలం స్వామీ! మీకెందుకులెండి, మీరు ఎవరి చేతిదీ తినరట కదా!" అని మరొకటి చుట్టసాగింది.

ఘర్ఘరుడు ఓపిక పట్టాడు. ఇంకొక అబ్బ వినపడ్డాక ఆ ఓపిక అయిపోయింది. "నువ్వు నా తాంబూలం పుచ్చుకోలేదు కదా, నీ చేతిది తింటే నాకేం తంటా లేదు. పంపు ఒకటి!" అన్నాడు.

"కాళ్ళు నొప్పులు స్వామీ, అంత కొండ ఎక్కలేను. బుట్టలో పెట్టి పంపిస్తా, పుచ్చుకోండి," అని కురంగి తాంబూలం చుట్టి వరసలో మొదటి ముసలమ్మ అరచేతిలో పెట్టి, "బుట్ట నిండిపోయింది, చేతులు మార్చండమ్మా!" అంది.

తాంబూలం బయల్దేరింది. ముసలమ్మ చేతిలోంచి పగిలిన చేతిలోకి, అక్కడినుంచి వణికే చేతిలోకి, సారంగుడి చేతిలోకి. ఒక్కొక్కరూ దాన్ని చూసి, కింద నిలబడ్డ కురంగిని చూసి, ఏదో అర్థమై, రెండు చేతులా పట్టి పైకి ఇచ్చారు. పుష్కరుడి వంతు వచ్చింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదు పాపం. చేతిలో ఘుమఘుమలాడుతోంది. నోరు తెరిచాడు.

"దొరా! మింగారంటే మీ అంతఃపురం మొత్తానికి నా చేత్తో వేపాకు చుట్టి తినిపిస్తా!" అని కింది నుంచి కురంగి వేసిన కేకకు పుష్కరుడు ఉలిక్కిపడి దాన్ని పైవాడి చేతిలో పెట్టేశాడు. పైవాడు కొట్టు దగ్గరి బుట్టలో వేశాడు. పొట్టి భూతం బుట్ట తెచ్చి అయ్యగారి ముందు పెట్టింది.

"అయ్యా, ఇది ఎవరెవరి చేతులు మారి వచ్చిందో..." అని నసిగింది భూతం.

"ఎవరి చేతులు మారితే నాకెందుకోయ్? నేను బుట్టలోంచి తీసుకుంటున్నాను, అంతేగా!" అని ఘర్ఘరుడు తాంబూలం దవడకు పెట్టుకుని నమిలాడు.

నమిలి, "అబ్బ!" అన్నాడు.

మాట చెల్లిపోయింది. కొండ పొడవునా గోకుడుకత్తులు ఒక్కసారే కింద పడ్డాయి. గుహ లోపల పెద్ద చప్పుడైంది. చుట్టలు చుట్టిన దారులన్నీ తలుపు బద్దలు కొట్టుకుని, దొర్లుకుంటూ, విచ్చుకుంటూ కొండమీదికి వచ్చిపడ్డాయి! ఎర్రమట్టి దారి, ఇసుక దారి, చెరకుతోటల మధ్య దారి, పేడకళ్ళతో సహా ఊరేగుతున్న దారి. ఒక దారిలో ఎడ్లబండి కూడా ఉండిపోయింది. బండివాడు నిద్రలేచి, "ఊరొచ్చిందా?" అని అడిగాడు. ఎవరి దారి వాళ్ళ కాళ్ళ దగ్గరికి కుక్కపిల్లలా వచ్చి ఆగింది. జనం నవ్వుతూ, ఏడుస్తూ, ఒకరినొకరు తోసుకుంటూ పరిగెత్తారు. ముసలమ్మ తన దారి మీద కూర్చుని కాసేపు దాన్ని చేత్తో నిమిరింది.

ఘర్ఘరుడు నోట్లోది ఉమ్మేసి, ఉయ్యాల తాడు తెంపుకుని, ఎదురుగా పరుచుకున్న అన్నిటికన్నా వెడల్పైన దారిమీదికి దూకాడు. అది రాజమార్గం. పుష్కరుడి దారి. తిన్నగా కల్హారపురం కోటలోకి, కొలువుకూటంలోకి, మహారాజు ముందుకే పోతుంది.

"పుచ్చుకోడానికి మీ మహారాజు ఒక్కడు చాలు నాకు! ఆయన పుచ్చుకుంటే దేశమంతా నా అతిథులే!" అని గరగర నవ్వి పరుగందుకున్నాడు. పొట్టి భూతం అతని వెనకే నడుస్తూ, దారిని చివరినుంచి చుట్టుకుంటూ పోతోంది.

"మా నాన్న మర్యాదస్థుడే! ఎవరిచ్చినా పుచ్చుకుంటాడే!" అని పుష్కరుడు గుండెలు బాదుకుంటూ పరిగెత్తాడు. కురంగి పెట్టె చంకన పెట్టుకుని అతని వెంటపడబోయి, ఆగి, వెనక్కి తిరిగింది.

సారంగుడి కాళ్ళ దగ్గర అతని దారి ఉంది. సన్నటి కాలిబాట, మేకల గిట్టల గుర్తులు, బాట చివర వాళ్ళ గుడిసె, దడి. ఒక మేక అక్కడినుంచే అరుస్తోంది.

"నువ్వు పో అన్నా," అంది కురంగి తొందరగా. "పిన్ని మేకల్ని చూడలేక చస్తోంది. పోయి కాళ్ళకు నూనె రాసుకుని పడుకో. నేను ఈ పని చూసుకుని వస్తా. పోరా!"

సారంగుడు ఒక కాలు బాటమీద పెట్టాడు. ఇన్నాళ్ళుగా కలలోకి వచ్చిన మట్టి అది. దాన్ని కాలివేళ్ళతో ఒకసారి నలిపి, కాలు తీసేసి, రాజమార్గం వైపు కుంటుకుంటూ పరుగెత్తాడు.

"ఓరి దేవుడా, నువ్వెక్కడికిరా? ఎవరు రమ్మన్నారు నిన్ను?" అని అరిచింది కురంగి.

"ఎవరూ రమ్మనలేదే!" అన్నాడు సారంగుడు వెనక్కి తిరిగి. పగిలిన పెదవులతో నవ్వుతున్నాడు. "ఎవరూ రమ్మనకుండా నా అంతట నేను పోతున్నానే, చూడు!"

ముందు పుష్కరుడు, వెనక సారంగుడు, ఆ వెనక కురంగి, ముగ్గురూ భూతం చుట్టేస్తున్న రాజమార్గం చివరి అంచుమీదికి ఒక్క దూకు దూకారు.